మెడ తిప్పకు, కుర్చీ తిప్పు

మా బావను వీధిలో అందరూ రేడియో అంటారు. పొద్దున ఎనిమిదింటికి సెలూన్ షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆయన నోరు మూతపడదు. కత్తెర ఆగుతుంది గానీ మాట ఆగదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా జనం అన్నీ ఆయనకే చెబుతారు. మెడకు గుడ్డ కట్టి కళ్లు మూసుకోమంటే చాలు, ఎంత గుంభనమైన మనిషైనా ఇంటి సంగతి ఒకటి బయటపెట్టకుండా లేవడు.

ఆయన మా అక్క భర్త. ఇరవై ఏళ్లుగా ఆయన పక్క కుర్చీ నాది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి గోడ పక్కన పొడుగాటి బల్ల, మూలన వాష్‌బేసిన్. పదడుగులు వేస్తే కొట్టు అయిపోతుంది. ఆయన కుర్చీ కిటికీ వైపు, నాది వాష్‌బేసిన్ వైపు. ఒకసారి మార్చుకుందామని అడిగితే, "నువ్వు కిటికీ దగ్గర నిలబడితే వీధిలోకి చూస్తూ జనం చెవులు కోస్తావురా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, కోసేవాణ్ణే.

పని నేర్పింది ఆయనే. ఏ పనిలోనూ మూడు నెలలు నిలవకుండా అక్క పెట్టింది తిని తిరుగుతున్న నన్ను ఒకరోజు కొట్టుకు లాక్కొచ్చి చేతిలో బెలూన్ పెట్టాడు. ఊదమన్నాడు. ఊదాక దానికి దట్టంగా నురగ పట్టించి, గడ్డం కత్తి నా చేతికిచ్చి, "దీనికి గడ్డం గీయి. పగలకుండా నురగంతా తీసిన రోజు మనిషి గడ్డం ఇస్తా" అన్నాడు. నేను నలభై ఒక్క బెలూన్లు పగలగొట్టాను. పగిలినప్పుడల్లా బల్ల మీదివాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఆయన మాత్రం తలెత్తకుండా "ఇంకొకడు పోయాడు" అనేవాడు. నలభై రెండోవాడు బతికాడు.

రెండో పాఠం ఒక్క మాట. "మెడ తిప్పకు, కుర్చీ తిప్పు." వచ్చినవాడి తలను మన వీలు కోసం అటూ ఇటూ వంచకూడదు, వాడు హాయిగా కూర్చోవాలి, తిరగాల్సింది కుర్చీ. ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పేవాడు. చెప్పి, కటింగ్ అయిపోగానే అదే మనిషికి గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి టక్కుమని మెడ విరిచేవాడు. చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదని నాకు ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తట్టలేదు. నేనూ అదే చేసేవాణ్ణి మరి.

మా కొట్టుకు పేరు తెచ్చింది ఆ విరుపే. కటింగ్ ఎక్కడైనా చేస్తారు, విరుపు మాత్రం రేడియో దగ్గరే అని నాలుగు వీధుల అవతలి నుంచి వచ్చేవాళ్లు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు శబ్దాలు. శబ్దం రాకపోతే పని కానట్టే. సాయంత్రం షట్టర్ సగం దించాక మా వంతు. కత్తెరలు తుడవడం, నేల ఊడవడం, నా మెడ ఆయన, ఆయన మెడ నేను విరవడం, ఇంటికి పోవడం. ఎవరి మెడ గట్టిగా పలికితే వాడు గెలిచినట్టు. బావాబామ్మర్దులకు ఆమాత్రం పందెం లేకపోతే ఎలా.

ఒక సెలవు రోజున ఆయన కొట్టు పైకప్పుకు రంగు వేశాడు. మనిషిని పెడదామంటే వినలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిచ్చెన మీద తల వెనక్కి వాల్చి, మీసాల మీద రంగు చుక్కలు పడుతున్నా మాట్లాడుతూనే ఉన్నాడు. మర్నాడు మెడ ఎడమవైపు పట్టేసిందన్నాడు. చెవి వెనక నుంచి కణత దాకా నొప్పి. "చెవిలో ఎవడో సైకిల్ పంపు కొడుతున్నాడురా, బుస్సు బుస్సుమని" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు. మెడ పట్టేస్తే ఏం చేయాలో మేం ఇంకొకర్ని అడగాలా? ఊళ్లో మెడలన్నిటికీ మేమే వైద్యులం.

ఆ సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కుడివైపు పలికింది. ఎడమవైపు తిప్పాను, పలకలేదు.

"రాలేదు, ఇంకోసారి" అన్నాడు.

తిప్పాను. రాలేదు.

"నీ చేతుల్లో పస లేదురా. మూడోసారి, గట్టిగా."

నాకు రోషం వచ్చింది. మూడోసారి గట్టిగానే తిప్పాను. టక్కుమంది. "ఇప్పుడు పడింది" అని మెడ రుద్దుకుంటూ ఇంటికి పోయాడు. ఆ శబ్దం నాకింకా గుర్తుంది. అది విని గర్వపడ్డానన్నది కూడా గుర్తుంది.

మర్నాడు పొద్దున ఆయన ఎడమ కంటి రెప్ప కొంచెం వాలి ఉంది. కొంచెమంటే కొంచెమే, దారం మందం. రెండు వైపులా సైడ్‌లాక్స్ సరిచూడటమే మా బతుకు, దారం మందం తేడా అంటే మాకు చాలా ఎక్కువ. పైగా ఆ కంటిపాప కుడిదానికంటే చిన్నగా ఉంది. చూశాను. చూసి, "ఏంటి బావా, పొద్దున్నే నాకు కన్ను కొడుతున్నావు?" అన్నాను. ఆయన అద్దంలోకి వంగి చూసుకుని, "అద్దం పాతదైందిరా, ముఖాలు వంకరగా చూపిస్తోంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నా జన్మలో వేసిన పనికిమాలిన జోకులన్నిటిలోకీ అదే పనికిమాలినది.

మూడోరోజు పదకొండు గంటలప్పుడు ఆయన కుర్చీలో స్కూల్ వ్యాన్ డ్రైవరున్నాడు. వీధిలో పిల్లలకూ పెద్దలకూ అందరికీ అతను వ్యాన్ అన్న. సగం తల అయింది. నేను నా కుర్చీలో మనిషికి నురగ పడుతున్నాను. ఉన్నట్టుండి కొట్టంతా నిశ్శబ్దమైపోయింది. రేడియో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే నేను తిరిగి చూశాను. కత్తెర నేల మీద ఉంది. బావ కుడి చెయ్యి పక్కన వేలాడుతోంది. మూతి కుడివైపు జారింది. నా వైపు చూసి ఏదో అనబోయాడు, వచ్చింది మాట కాదు.

నేను కొయ్యబారిపోయి నిలబడ్డాను. కదిలింది వ్యాన్ అన్న. "ఇది పక్షవాతం. మా అమ్మకూ ఇట్లాగే మొదలైంది. టైమెంతో చూసి గుర్తుపెట్టుకో, డాక్టర్లు ముందు అదే అడుగుతారు. పట్టు, ఎత్తు" అన్నాడు. అతని మెడకు కట్టిన గుడ్డ అలాగే ఉంది, తల ఒకవైపు కోసిన పొలం, ఒకవైపు పెరిగిన గడ్డి. ఆ అవతారంలోనే వ్యాన్ నడిపి పన్నెండు నిమిషాల్లో మమ్మల్ని ఆస్పత్రి మెట్ల దగ్గర దించాడు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది, ఆ రోజు మాత్రం నవ్వలేదు.

స్కాన్లు తీశారు, గడ్డ కరిగించే మందు ఎక్కించారు. సమయానికి తెచ్చారు అన్న మాట ఆ రోజు నలుగురు చెప్పారు. అక్క పని మీది నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది. ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఇంకా దారప్పోగులు చీరకు అంటుకునే ఉన్నాయి. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని కాగితం మీద ఒక గొట్టం బొమ్మ వేసింది. మెడలో మెదడుకు నెత్తురు తీసుకెళ్లే గొట్టాలుంటాయని, బావకు ఎడమవైపు గొట్టం లోపలి పొర చిరిగిందని, ఆ చిరుగులో నెత్తురు చేరి గడ్డకట్టిందని, ఆ గడ్డలో ఒక ముక్క ఊడి పైకి పోయి మెదడులో అడ్డం పడిందని చెప్పింది. నాకు సగమే ఎక్కింది. అక్కకు మొత్తం ఎక్కింది.

"కాలర్‌లో లైనింగ్ ఊడి లోపల ముద్దకట్టినట్టు" అంది.

"అంతేనమ్మా. నేను ఇన్నేళ్లుగా చెబుతున్నా, ఇంత తేలిగ్గా చెప్పలేకపోయా" అంది డాక్టరమ్మ. తర్వాత బావ వైపు తిరిగింది. "మీకు నలభై ఆరే. బీపీ లేదు, షుగర్ లేదు. ఈ వయసులో వచ్చే పక్షవాతాలకు ఇలాంటి చిరుగు కారణం కావడం మేము చూస్తూనే ఉంటాం. ఈమధ్య మెడకు దెబ్బేమైనా తగిలిందా? ఎవరైనా మెడ గట్టిగా తిప్పారా?"

నేను కాగితం మీది గొట్టం బొమ్మ వైపు చూశాను.

బావకు మాట రాదు. కానీ అర్థమవుతోంది. ఆయన దిండు మీద తల అడ్డంగా ఊపాడు. లేదు అన్నట్టు. నా వైపు చూడకుండా ఊపాడు. మళ్లీ ఊపాడు. బతుకంతా ఏ విషయమూ దాచలేని మనిషి నోరు పోయిన రోజున నా కోసం అబద్ధమాడుతున్నాడు.

"నేనే డాక్టరమ్మా" అన్నాను. "మూడుసార్లు తిప్పా. శబ్దం రాలేదని."

రోజూ విరుచుకోవడం, రంగు వేసిన సంగతి, పంపు చప్పుడు, వాలిన రెప్ప, అన్నీ చెప్పేశాను. బావ వాలిన కంటితో, వాలని కంటితో కలిపి నన్ను గుర్రుగా చూశాడు. డాక్టరమ్మ అంతా రాసుకుంది.

"చెప్పడం మంచిదైంది. దీనివల్లేనని నేను ఖాయంగా చెప్పలేను" అంది. "పైకి చూస్తూ రంగు వేసినప్పుడే చిరిగి, ఆ నొప్పికే మీరు మెడ తిప్పి ఉండొచ్చు. తుమ్మినా చిరిగేవాళ్లున్నారు. చాలామంది మెడలకు ఏమీ కాదు. కానీ ఇకమీదట ఎవరికీ విరవకండి. కొత్తగా మెడ నొప్పి వచ్చి, రెప్ప వాలితే జోకులు వేసుకోకుండా ఇక్కడికి రండి."

చెయ్యి వస్తుందా అని అడిగాను. చాలావరకు రావచ్చు, ఎంత అన్నది ఇప్పుడే చెప్పలేం అంది. అప్పటినుంచి నాకు ఆ ఒక్కటే ఆలోచన. నా చేతికి కత్తి పట్టడం నేర్పిన చెయ్యి అది. నా చేతులతో దాన్ని పోగొట్టానేమో. తిన్నా, పడుకున్నా, కొట్టులో ఎవరి తల ముందు నిలబడినా నాకు అదే. అక్క మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నాలుగోరోజు టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టి, "ఆయన నీ మెడ విరిచాడు, నువ్వు ఆయన మెడ విరిచావు. ఇరవై ఏళ్లు ఇద్దరికీ బుద్ధి లేదు. ఒక్కడే మోస్తానంటే ఎట్లా? తిను" అంది. అది మా అక్క ఓదార్పు.

అదే నాలుగోరోజు బావ ఎడమ చేత్తో తన చెంప చూపించాడు. గడ్డం మాసింది. నేను తర్వాత చూద్దామన్నాను. అక్కడి నర్సు అప్పటికే హెచ్చరించింది, నెత్తురు పలచబడే మందులు వాడుతున్నారు, గాటు పడితే త్వరగా ఆగదు, మెషిన్‌తో గీయండి అని. మెషిన్ తెస్తానన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు. గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని, ఎంతో కష్టపడి ఒక్కో ముక్కా బయటికి తీశాడు.

"బామ్మర్దీ... గీ... యి."

పక్షవాతం వచ్చాక ఆయన అన్న మొదటి మాట అది. నర్సు సరేనని దూది పట్టుకుని పక్కనే నిలబడింది. నేను కత్తికి కొత్త బ్లేడు వేసి, ఆ ఎడమవైపు మెడ మీద, లోపల చిరిగి ఉన్న చోటికి పైన, ఊపిరి బిగబట్టి గీశాను. ఒక్క గాటు పడలేదు. అయిపోయాక బయటికి వెళ్లి గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చాను.

పది రోజులకు ఇంటికి వచ్చాడు. మాట వారం వారం కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది, మధ్యలో ఆగుతూ, ఒక మాట కోసం వెతుకుతూ. ఒకరోజు కత్తెర కావాలనబోయి గొడుగు అడిగితే అక్క గొడుగే తెచ్చిచ్చింది. దాంతోనే అక్క జుట్టు కత్తిరించబోతున్నట్టు నటించాడు. కాలు త్వరగా కుదుటపడింది. చెయ్యే మొరాయించింది. ఫిజియోథెరపీ అమ్మాయి బఠాణీలు ఏరమంది, బొత్తాలు పెట్టుకోమంది. బొత్తాలకు అక్క ఉంది, ఇంట్లో చొక్కాలకు కరువు లేదు. అన్నీ చేశాడు గానీ పసిపిల్లల పనులని విసుక్కున్నాడు.

ఆరో వారం నేను ఒక పొట్లాం తెచ్చి ఆయన ఒళ్లో వేశాను. విప్పి చూశాడు. బెలూన్లు.

"నువ్వు... నాకు... నేర్పుతావా?" అన్నాడు.

"పగలకుండా నురగంతా తీసిన రోజు మనిషి గడ్డం ఇస్తా" అన్నాను.

మొదటిది నురగ అంటకముందే పేలింది. వంటగదిలో అక్క గిన్నె కింద పడేసింది. "ఇంకొకడు పోయాడు" అన్నాను. ఆయన నవ్వాడు, మూతి ఇంకా కొంచెం వంకరగానే ఉంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం కొట్టు మూసి నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. వరండాలో కూర్చుని నేను ఊదడం, ఆయన పేల్చడం. పక్క వాటాలో ముసలాయన ఒకసారి తలుపు తీసి, "ఎన్నాళ్లు సాగుతుందయ్యా ఈ యుద్ధం?" అని అడిగాడు. ఇరవై దాటాక కొన్ని సగం దాకా బతికాయి. ముప్పై దాటాక ముప్పాతిక దాకా. ఒక్కోరోజు చెయ్యి వణికి వరుసగా మూడు పేలేవి, ఆయన కత్తి కింద పెట్టి మాట్లాడకుండా కూర్చునేవాడు. రేడియో మూగబోతే నాకు భయం. ఏదో ఒకటి వాగి ఆయన చేత తిట్టించుకుని గానీ లేచేవాణ్ణి కాదు.

ముప్పై తొమ్మిదోది ఎర్ర బెలూన్. నురగ ఒక్కో చారా తొలగుతూ వచ్చింది. చివరి చార పోయాక తడి తడిగా మెరుస్తూ ఆయన చేతిలో ఉంది. అక్క గుమ్మంలో చెవులు మూసుకుని నిలబడి ఉంది.

"పోయినవాళ్లు... ముప్పై ఎనిమిది" అన్నాడు. "నీకంటే... మూడు తక్కువ."

నాలుగు నెలలకు మళ్లీ స్కాన్ తీశారు. పొర అతుక్కుంది, దారి బాగుంది అంది డాక్టరమ్మ. మాత్ర మాత్రం మానొద్దంది. పని చేసుకోవచ్చంది. రెప్ప ఇంకా దారం మందం వాలి ఉంది, బహుశా అలాగే ఉండిపోవచ్చంది. "ఉండనివ్వండి, వచ్చినవాళ్లందరికీ కన్ను కొడతా" అన్నాడు బావ.

మర్నాడు షట్టర్ ఇద్దరం కలిసి ఎత్తాం. సంగతి వీధంతటికీ తెలుసు. పది గంటలకల్లా బల్ల నిండింది. అందరూ ఆయన్ను పలకరించారు, భుజం తట్టారు, మీరు లేక కొట్టు బోసిపోయిందన్నారు. ఒక్కడూ కిటికీ వైపు కుర్చీలో కూర్చోలేదు. నా కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఒకడు టక్కున లేచి వచ్చేవాడు. "మీరు నిదానంగా మొదలుపెట్టండి, మాకేం తొందర" అని ఆయనకు చెప్పి నా దగ్గర మెడ వాల్చేవాడు. బావ తన కుర్చీని తుడిచాడు. మళ్లీ తుడిచాడు. కత్తెర ఖాళీగా ఆడించాడు. మాట్లాడటం తగ్గించాడు.

వాళ్లను తప్పుపట్టలేను, మెడ మీద తలకాయ ఉన్నవాడెవడికైనా భయం ఉంటుంది. కానీ నాకు ఒళ్లు మండింది. చేతిలో ఉన్న పని ముగించి, బల్ల వైపు చూడకుండా, నేరుగా వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను.

"గడ్డం" అన్నాను.

ఆయన నా చెంప మీద వేళ్లతో రాసి చూశాడు. మూడు రోజుల గడ్డం. ఇరవై ఏళ్లలో నేను కొట్టుకు అలా వచ్చింది లేదు.

"కావాలనే... పెంచావు."

"నీకెందుకు? గీస్తావా, ఇంకో కొట్టుకు పొమ్మంటావా?"

మెడకు గుడ్డ కట్టాడు. నురగ పట్టించాడు. నేను తల వెనక్కి వాల్చాను. భయం లేదని చెబితే అబద్ధం, కత్తి గొంతు దగ్గరికి వచ్చినప్పుడు నా కాలి వేళ్లు ముడుచుకున్నాయి. ఆయన వంగి, చెవి దగ్గర, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"పోయినవాళ్లలో... ముప్పై తొమ్మిదోవాడివి... అయ్యేవు. కదలకు."

కత్తి నెమ్మదిగా నడిచింది. ఒకచోట ఆగింది. వణుకు తగ్గేదాకా ఆగి, మళ్లీ నడిచింది. మామూలుగా ఐదు నిమిషాల పని, ఇరవై నిమిషాలు పట్టింది. అన్నీ అయ్యాక తడిగుడ్డతో తుడిచి, ఎప్పటిలాగే గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టాడు. ఇరవై ఏళ్ల అలవాటు, నా మెడ దానంతటది వదులైపోయింది. ఆయన కూడా అలవాటునే పెట్టి ఉంటాడు. రెండు చేతులూ అక్కడే నిలిచిపోయాయి. కుడి అరచెయ్యి వెచ్చగా ఉంది, పట్టు గట్టిగా ఉంది.

"మూడోసారి... తిప్పమన్నది... నేను" అన్నాడు. "గుర్తుంచుకో."

తల ఊపబోయాను, ఆయన చేతులు ఊపనివ్వలేదు.

చేతులు అలాగే ఉంచి, కాలితో పెడల్ తన్ని కుర్చీని తిప్పుతూ తనూ దాంతోపాటు తిరిగాడు. అద్దం పక్కకు పోయింది, కిటికీ పోయింది, బల్ల మీది జనం ఎదురుగా వచ్చి ఆగారు. నున్నటి నా ముఖం వాళ్లందరికీ చూపించి, చేతులు తీసి గుడ్డ దులిపాడు.

"తర్వాత... ఎవరు?"

వ్యాన్ అన్న టోపీ తీసి లేచాడు. "నేనే అన్నా. అప్పుడు సగంలో వదిలేశావు" అన్నాడు.